అద్దం పగిలినా జారకూడదు: సెక్యూరిటీ ఫిలిం మీద మీ ఉత్తరాలు

పోయిన సంచికలో ఎవరో అడిగారని అద్దాలకి వేసే సెక్యూరిటీ ఫిలిం గురించి నాలుగు లైన్లు రాశాను, అంతే, ఇక ఉత్తరాలు ఒకటే రావడం. సగం మంది ఆల్రెడీ వేసేసుకుని ఇప్పుడేం చెయ్యాలని అడిగేవాళ్ళే. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా, ట్యాంకు లీకు గురించి రాసినాయన వచ్చే నెల దాకా ఆగాలి, ఏమనుకోకండి.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క మాట. ఇది కార్లకేసే నల్ల కాగితం లాంటిది కాదు. అద్దం పగిలితే ముక్కలు రాలకుండా పట్టుకునే మందపాటి పాలిస్టర్ పొర, ఒకవైపు జిగురు, ఆ జిగురు మీద పల్చటి కవరు ఒకటి, దాన్ని లైనర్ అంటారు. మందం మిల్లుల్లో చెప్తారు, 1 మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 25 మైక్రాన్లు. ఎండకి వేసే ఫిలిం 2 మిల్ లోపే ఉంటుంది, సెక్యూరిటీ ఫిలిం 4 దగ్గర మొదలై 8, 12 దాకా పోతుంది. 8 మిల్ ఎంతుంటుందో తెలియాలంటే ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిలిం ఉంటే తీసి పట్టుకుని చూడండి, దాదాపు అంతే.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు): మాది బీచ్ వైపు ఫ్లాట్ అండి, హాల్లో 5 అడుగుల వెడల్పు 8 అడుగుల ఎత్తు అద్దాలు రెండున్నాయి. హుద్‌హుద్ తుఫానప్పుడు పై ఫ్లోర్ వాళ్ళ అద్దం పగిలి ముక్కలు మా బాల్కనీలో పడ్డాయి, అప్పట్నుంచి గాలేస్తే చాలు నాకు గుండె దడ. ఈ మధ్య మావారు, మా అబ్బాయి కలిసి 8 మిల్ ఫిలిం తెప్పించి వాళ్ళే వేశారు. నాలుగు రోజులైంది, అద్దం మొత్తం కడుగునీళ్ళు పోసినట్టు తెల్లగా ఉంది, అక్కడక్కడ వేలంత బుడగలు, మధ్యలో సన్న చుక్కలు. మా అత్తగారు పీకేయమని రోజూ పోరు. పీకేయమంటారా?

పీకొద్దమ్మా. మీ అత్తగారికి నా నమస్కారం చెప్పి ఇంకో రెండు నెలలు ఓపిక పట్టమనండి.

ఆ తెల్లదనం నీళ్లే. ఫిలిం వేసేటప్పుడు షాంపూ నీళ్ళు కొట్టి వేస్తాం కదా, ఎంత గట్టిగా తోసినా అద్దానికీ జిగురుకీ మధ్య కొంచెం తడి మిగిలిపోద్ది, దానికి బయటికి దారి ఆ ఫిలిం లోంచే, ఆవిరై మెల్లమెల్లగా పోవాలి. ఫిలిం ఎంత మందమైతే అంత లేటు. 4 మిల్‌కి నెల పడితే 8 మిల్‌కి రెండు నెలలు, 12కి మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు, పైగా మీ ఊళ్ళో గాలిలో తేమ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండ పడే అద్దం ముందు తేటపడుతుంది, నీడలోది వెనకబడుతుంది, రెండూ ఒక్కసారే ఆరలేదని కంగారు పడకండి.

బుడగలు మాత్రం రెండు రకాలు. చిన్న పని చెప్తా చెయ్యండి, బాల్కనీలోకి వెళ్ళి అద్దానికి బయటివైపు, అంటే ఫిలిం లేని వైపు, ప్రతి బుడగ చుట్టూ మార్కర్‌తో గీత గియ్యండి. పది రోజులాగి చూస్తే గీత లోపల బుడగ చిక్కిపోయుంటే అది నీళ్ళు, దాని పని అది చూసుకుంటుంది. గీతకి ఆనుకునే ఉంటే గాలి, అది పోదు. సూదితో పొడవమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు చూడండి, వినకండి, నీటి బుడగకి ఆ అవసరమే లేదు, గాలి బుడగైతే పొడిచిన చోట మచ్చ మిగులుతుంది. ఇక సన్న చుక్కలు దుమ్ము. వేలితో మెల్లగా తడిమితే చిన్న గుడారం లాగా తగులుతుంది. అది జీవితాంతం అంతే, రెండడుగుల దూరం నుంచి మీకు తప్ప చుట్టాలకెవరికీ కనపడదు, వదిలేయండి.

మరి దుమ్మెక్కడిది అంటే, మీవారు కరెక్టుగా తుడిచే ఉంటారు, కానీ లైనర్ పీకేటప్పుడు చిటచిటమని సౌండొస్తుంది చూశారా, అప్పుడు పుట్టే కరెంటుకి గదిలో దుమ్మంతా వచ్చి జిగురు మీద వాలుద్ది. ఫ్యాను, ఏసీ ఆపలేదని పందెం కాస్తా. ఆ పని చేసేటప్పుడు ఒకళ్ళు లైనర్ లాగుతుంటే ఇంకొకళ్ళు ఆ లాగిన చోటల్లా జిగురు మీద నీళ్ళు కొడుతూ పోవాలి, పొడి జిగురు ఒక్క క్షణం కూడా గాలికి కనపడకూడదు. ఇద్దరు చాలరు, 8 అడుగుల షీటుకి ముగ్గురుండాలి. ఫిలిం బరువు కిలో చిల్లరే గానీ తడిసినాక అది చేపలాగా జారుతుంది, మధ్యలో మడత పడిందా, ఆ మడత మళ్ళీ పోదు, షీటు వేస్టు.

ఇంట్లో ఇంకో గది అద్దాలకి కూడా వెయ్యాలనుకుంటే, రెండోసారికి పద్ధతి చెప్తా. ముందు అద్దం. షాంపూ నీళ్ళు కొట్టి కొత్త బ్లేడుతో ఒకే వైపుకి గీకాలి, ముందుకీ వెనక్కీ రుద్దితే బ్లేడు కింద ఇసుక రేణువు ఇరుక్కుని గీత పడుద్ది. టఫెన్ గ్లాస్ (ఫర్నేసులో కాల్చి గట్టిపరిచిన అద్దం) అయితే ముందు ఒక మూల మెల్లగా గీకి చూసుకోండి, కొన్నిటికి ఫర్నేసులోంచి వచ్చిన సన్న రజను అంటుకునుంటుంది, బ్లేడు దాన్ని లేపి అద్దమంతా ఈడుస్తుంది, అలాంటి దానికి స్పాంజితో సరిపెట్టుకోవాలి. అసలు మురికంతా ఉండేది అంచుల్లో, రబ్బరు గ్యాస్కెట్ సందుల్లో, అక్కడ పాత టూత్‌బ్రష్షు పెట్టి తియ్యండి. నీళ్ళు ఫిల్టర్‌వి వాడండి, బోరునీళ్ళయితే ఆరినాక ఉప్పు మరక లోపలే ఉండిపోద్ది. షాంపూ చిన్నపిల్లలది, కండిషనర్ కలవనిది, లీటరుకి ఐదారు చుక్కలు చాలు. ఎక్కువేస్తే ఫిలిం బాగా జారుతుంది, పని సుఖంగా ఉంటుంది, కానీ జిగురు పట్టుకోదు.

ఫిలిం చుట్టూ అంగుళం ఎక్కువ కోసుకుని, అద్దాన్ని కారిపోయేలా తడిపి, పైనుంచి వాల్చి, ముందు మధ్యలో రెండు మూడు సార్లు తోసి నిలబెట్టండి. తర్వాత అంచులు కొయ్యడం. ఫ్రేముకి ఆనించి కొయ్యకూడదు, 1 నుంచి 2 మిల్లీమీటర్ల సందు వదలాలి, తోసేటప్పుడు నీళ్ళు బయటికొచ్చేది ఆ సందులోంచే. ఫిలిం ఫ్రేముకి తగిలిందంటే అక్కడ లేచి నిలబడుద్ది, మళ్ళీ మళ్ళీ నొక్కినా లేస్తూనే ఉంటుంది. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఇదే, పాపం సందు కనపడితే పని చెడినట్టని వాళ్ళ భయం.

ఇక తోయడం. కారు తుడిచే మెత్తటి వైపర్ దీనికి పనికిరాదు, గట్టి రబ్బరున్న స్క్వీజీ కావాలి, రెండు చేతులతో, ఒళ్ళు బరువేసి, మధ్యలోంచి అంచులకి, ప్రతి తోపుకీ ముందు తోసిన దాంట్లో సగం మీద పడేలా. ఫిలిం పై మొహం కూడా తడిపే ఉంచాలి, లేకపోతే రబ్బరు పట్టుకుని కీచుమంటుంది, ఫిలిం గీరుకుంటుంది. ఒకసారి మొత్తం తోసేశాక పది నిమిషాలాగి మళ్ళీ తడిపి మళ్ళీ మొదట్నుంచి తొయ్యాలి, మూడోసారి కూడా. చివర్న స్క్వీజీకి టిష్యూ పేపరు చుట్టి అంచులంతా నొక్కుకుంటూ పోతే మీరే ఆశ్చర్యపోతారు, పేపరు ఎన్నిసార్లు మార్చినా తడుస్తూనే ఉంటుంది. 8 మిల్ పెద్ద అద్దం ఒకటి సరిగ్గా చేస్తే మర్నాడు భుజాలు లేవవు. భుజాలు నొప్పి లేవని ఎవరైనా అంటే నీళ్ళు లోపలే ఉన్నాయని అర్థం.

మీరు హుద్‌హుద్ మాటెత్తారు గనక ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. 2014 అక్టోబర్ 12న ఆ తుఫాను వచ్చాక వారం రోజులకి నేను మీ ఊళ్ళో పనికొచ్చాను, ఒక బిల్డింగులో అద్దాలు కాదు, ఫ్రేములే గోడలోంచి ఊడొచ్చి హాల్లో పడున్నాయి. ఫిలిం గాలిని ఆపదమ్మా. పగిలిన ముక్కలు మొహాన పడకుండా పట్టుకుంటుంది, అదే పెద్ద మేలు, 2013 ఫిబ్రవరిలో రష్యాలో చెల్యాబిన్స్క్ ఊరి మీద ఉల్క పేలినప్పుడు దెబ్బలు తగిలిన పదిహేను వందల మందిలో ఎక్కువ మందికి గాయాలు కిటికీ అద్దాల వల్లే, వెలుగేంటా అని కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు పాపం. కాబట్టి తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఫిలిం ఉంది కదా అని అద్దం ముందు నిలబడి సముద్రం చూడకండి, లోపలి గదిలోకి వెళ్ళిపోండి.

ప్రశ్న (హైదరాబాద్, నల్లగండ్ల నుంచి): అన్నా, మాది విల్లా, కింద హాల్లో పెద్ద పెద్ద ఫిక్స్‌డ్ అద్దాలు, గ్రిల్స్ పెట్టనియ్యరు, కమ్యూనిటీ రూల్ అంట. 8 మిల్ వేపిద్దామని ఇద్దర్ని పిలిస్తే ఒకాయన అంచులకు సిలికాన్ కొట్టాలె అంటడు, రేటు ఎక్కువ చెప్తుండు. ఇంకొకాయన అదంతా దండగ, ఫిలిమే స్ట్రాంగ్ ఉంటది అంటుండు. ఎవరిది నిజం?

మొదటాయనది. ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలంటే ఇదే చదవండి.

మీది టఫెన్ గ్లాస్ అని మీరు పంపిన ఫోటోలో మూల మీద ముద్ర చూస్తే తెలుస్తోంది. 8 మిల్లీమీటర్ల మందం, 5 బై 8 అడుగుల అద్దం అనుకుని లెక్కేస్తే దాదాపు 75 కిలోలు (మందం ప్రతి మిల్లీమీటరుకీ చదరపు మీటరుకి రెండున్నర కిలోలు, ఎవరైనా వేసుకోవచ్చు). టఫెన్ గ్లాస్ ఒక్క మూల తగిలినా మొత్తం మొక్కజొన్న గింజలంత ముక్కలైపోద్ది. ఇప్పుడా ముక్కలన్నీ ఫిలింకి అంటుకుని ఉన్నాయి, కానీ ఆ ఫిలిం దేనికి అంటుకుని ఉంది? చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు వదిలాం కదా, ఫ్రేముకి అసలు తగల్లేదు. తడి బొంత తాడు మీంచి జారినట్టు 75 కిలోలు కింద కూర్చుంటాయి, దొంగోడు దాని మీద కాలేసుకుని లోపలికొస్తాడు. మామూలు అద్దమైతే పెద్ద పెద్ద పెంకులు ఫ్రేములో ఇరుక్కుని కొంతసేపు నిలబడతాయి, టఫెన్‌కి ఆ ఆసరా కూడా ఉండదు. నేను పందెం కాసి చెప్తా, అంచు కట్టని 12 మిల్ కంటే అంచు కట్టిన 8 మిల్ మేలు.

ఆ సిలికాన్ ఎలా ఉండాలో కూడా వినండి. బాత్రూముకి కొట్టే పుల్లటి వాసనొచ్చేది కాదు, న్యూట్రల్ క్యూర్, స్ట్రక్చరల్ అని ట్యూబు మీద రాసుండాలి. ఫిలిం మీద ఒక సెంటీమీటరు, ఫ్రేము మీద ఒక సెంటీమీటరు పట్టేలా ముక్కోణంగా నాలుగు వైపులా. మూడు వైపులు కొట్టి కింద వదిలేస్తుంటారు, ఒప్పుకోకండి. ఫిలిం అంచు తడి పూర్తిగా ఆరాకే కొట్టాలి, అదేరోజు సాయంత్రం కొట్టేసి డబ్బులు పట్టుకెళ్ళిపోయేవాడిది పని కాదు. మధ్యలో రబ్బరు గ్యాస్కెట్ ఉంటే దాన్ని కట్ చేసి తగ్గించాలి, సిలికాన్ రబ్బరుని పట్టుకోదు, అల్యూమినియంని పట్టుకుంటుంది. యూపీవీసీ (ప్లాస్టిక్) ఫ్రేములైతే ముందు ఒక మూల కొట్టి, వారం తర్వాత లాగి చూసి, ఊడకపోతేనే మిగతాది. అన్నట్టు ఆ ఫ్రేము గోడకి ఎన్ని స్క్రూలతో ఉందో చూశారా? నేను చూసిన ఒక ఇంట్లో ఆరడుగుల ఫ్రేము మొత్తానికి నాలుగే స్క్రూలు, మిగతా చోటంతా ఫోము కొట్టి వదిలేశారు. అక్కడ ఫిలిం గురించి మాట్లాడ్డం కూడా అనవసరం.

ఇంకోటి, అన్ని అద్దాలకీ ఇలా బిగించేసుకుంటే మంటలొచ్చిన రోజు బయటపడేదెట్లా? తెరుచుకునే కిటికీ ప్రతి గదికీ ఒకటన్నా ఉండేలా చూసుకోండి.

ప్రశ్న (గుంటూరు నుంచి బట్టల షాపు ఓనరు): మా షోరూము ముందు ఫ్రేము లేని 12 ఎంఎం అద్దాలండి, ఒక్కోటి 10 అడుగులు 6 అడుగులు. 12 మిల్ ఫిలిం వేసి మొత్తం సేఫ్ చేసేయొచ్చా?

ఫ్రేమే లేదంటున్నారు, అంచుని దేనికి కడతామండీ? పైన చెప్పిన బొంత లెక్కే, కాకపోతే మీది 167 కిలోల బొంత, ఫుట్‌పాత్ మీదకి. ఫిలిం వేస్తే పగిలినప్పుడు ఒక్క ముద్దగా పడుద్ది, దాని కింద మనిషుంటే చిన్న ముక్కలు రాలడం కంటే అదే ప్రమాదం. ముందు నాలుగు వైపులా అల్యూమినియం సెక్షన్ పెట్టించి అప్పుడు ఫిలిం, సిలికాన్. ఆ లుక్ పోతుందనుకుంటే మాత్రం ఫిలిం మాట మర్చిపోయి లామినేటెడ్ గ్లాస్ మార్పించేయండి, ఖర్చెక్కువే, రెండద్దాల మధ్య పొర ఉంటుంది కాబట్టి ఫిలిం చేసే పని అదే చేస్తుంది. మీ అద్దం 6 అడుగులు అడ్డం, ఫిలిం రోల్ ఎక్కువగా దొరికేది 5 అడుగుల వెడల్పే (60 అంగుళాలు), 72 అంగుళాలది దొరక్కపోతే నిలువునా అతుకొస్తుంది. అతుకు పక్కపక్కన ఆనించాలి గానీ ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు, ఎక్కిస్తే ఆ అంచు వెంబడి గాలి, నీళ్ళు దారి పెట్టుకుంటాయి.

ప్రశ్న (అమెరికా, టెక్సస్ నుంచి): అన్నా, మన వాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని వెనక ప్యాటియో డోరు పగలగొట్టి దూరుతున్నారు, మా సబ్‌డివిజన్లోనే రెండిళ్ళయ్యాయి. మాది డబుల్ గ్లాస్ స్లైడింగ్ డోర్. నేనే వేసుకోవచ్చా, ఏ వైపు వెయ్యాలి?

వేసుకోవచ్చు తమ్ముడూ, లోపలి అద్దానికి లోపలి వైపు, అంటే సోఫాలోంచి చెయ్యి పెడితే తగిలే వైపు. బయటి అద్దం ఎలాగూ పోతుంది, రెండోది నిలబడాలి. క్లియర్ ఫిలిమే తీసుకో. నల్లది గానీ అద్దంలా మెరిసేది గానీ వేస్తే డబుల్ గ్లాసులో వేడి చిక్కుకుని అద్దం చిట్లొచ్చు, సీల్ పోయి మధ్యలో ఆవిరి కమ్మొచ్చు, కిటికీ కంపెనీ వారంటీ కూడా చదువుకో. మీ దగ్గర ఆ డోర్లకి టెంపర్డ్ గ్లాసే (మన టఫెన్ గ్లాసే) వేస్తారు కాబట్టి సిలికాన్ అంచు తప్పదు, జరిగే తలుపు ఫ్రేముకే కట్టాలి, పక్కన నిలబడి ఉన్న దానికి కాదు (నవ్వకు, ఒకాయన అలాగే కట్టేసి తలుపు తియ్యలేక నాకు రాశాడు). చలికాలంలో బయట గడ్డకడుతున్నప్పుడు మొదలుపెట్టకు, నీళ్ళు ఆరవు, జిగురు పట్టదు, మార్చి దాకా ఆగు. అప్పటిదాకా కింద ట్రాక్‌లో తలుపు పొడవుకి సరిపడా చెక్క కర్ర పెట్టి పడుకో, దొంగలు చాలాసార్లు అద్దం జోలికి పోకుండానే గడియ పెకలించి తలుపుని పక్కకి జరిపేస్తారు, దానికి ఏ ఫిలిమూ మందు కాదు.

అంత బంగారం ఇంట్లో ఎందుకని అడగను, ఆ పెట్టె ఎవరిదో నాకు తెలియనిదా.

ప్రశ్న (విజయవాడ): సుప్రీంకోర్టు ఫిలింలు బ్యాన్ చేసింది కదా, ఇంటికి వేస్తే ఫైన్ వేస్తారా?

లేదండి. 2012లో ఆ తీర్పు బళ్ళ అద్దాల గురించి. మీ ఇంటి కిటికీ రోడ్డు మీద తిరగదు కదా.

ప్రశ్న (రాజమండ్రి నుంచి ఒక గృహిణి): నిన్ననే వేయించామండి. నెల రోజులు కడగొద్దన్నారు. మా పనమ్మాయి రోజూ న్యూస్‌పేపరు, నీలం లిక్విడ్ పెట్టి అద్దాలు రుద్దందే ఊరుకోదు, చెప్తే తలూపుతుంది, మళ్ళీ మొదలే. ఏం చెయ్యను?

న్యూస్‌పేపరు అసలొద్దమ్మా, నెల తర్వాత కూడా, ఫిలిం మీద సన్న గీతలు పడతాయి. అమ్మోనియా ఉన్న లిక్విడ్ కూడా పక్కన పెట్టేయండి. నెల అయ్యాక మెత్తటి బట్ట, అదే పిల్లల షాంపూ నీళ్ళు చాలు. ఈలోగా కర్టెను లాగి పిన్నీసు పెట్టేయండి, అద్దం కనపడకపోతే ఆవిడ చెయ్యి పోదు. "కడగరాదు" అని కాగితం రాసి అంటిద్దాం అనుకుంటారేమో, అద్దం మీద మాత్రం అంటించకండి, నెల రోజుల తర్వాత ఆ టేపు పీకేటప్పుడు ఫిలిం అంచు కూడా దాంతో లేచొస్తుంది. కిటికీ ఫ్రేము మీద అంటించండి.